నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఎప్పుడు నడుస్తారు? వాకర్ కొనాలా?

మీ బాబు 32 వారాలకే పుట్టాడని, 13 నెలలు నిండినా సోఫా పట్టుకుని నిలబడటమే తప్ప వదిలి అడుగు వేయడం లేదని, ఇంట్లో వాళ్లు వాకర్ కొనమని పోరుపెడుతున్నారని రాశారు. ముందు వయసు లెక్క చూద్దామండి. 40 వారాలకు రావాల్సినవాడు ఎనిమిది వారాల ముందే వచ్చేశాడు. అంటే నడక విషయంలో వాడి వయసు 13 కాదు, సుమారు 11 నెలలు. డాక్టర్లు కరెక్టెడ్ ఏజ్ అనేది దీన్నే. రెండేళ్లు వచ్చేదాకా ఎదుగుదలను ఇలాగే లెక్కేస్తారు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే, వాటిని వెనక్కి జరపొద్దు.

11 నెలలకు పట్టుకుని నిలబడుతున్నాడంటే బాగానే ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న, నెలలు నిండి పుట్టిన పిల్లల్ని గమనించి 2006లో ఇచ్చిన లెక్కల్లోనే సొంతంగా నడవడం ఎనిమిదో నెల నుంచి దాదాపు 18 నెలల దాకా ఎప్పుడైనా జరగొచ్చని ఉంది. ఏడాది నిండేసరికి నడిచి తీరాలన్నది చుట్టాల లెక్క.

మాకు కవలలు. 31 వారాలకు పుట్టారు. పాప 1.2 కిలోలు, బాబు 1.4. ఒకే ఇల్లు, ఒకే ఉగ్గు. అయినా పాప 14వ నెలలోనే నడిచేసింది, బరువెక్కువున్న బాబు 18వ నెల దాకా గోడ వదల్లేదు. అడుగులేస్తే అరిసెలు కదా, ఇద్దరికీ కలిపి ఒకేసారి వండేద్దామని మా అత్తగారు అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. వాడి అరిసెలు వాడు నడిచినప్పుడే అంది. ఆ నాలుగు నెలలూ వచ్చినవాళ్లల్లా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటమే మాకు అసలు టెన్షన్.

బాబుతో మాకున్న ఇబ్బంది మునివేళ్లు. నిలబెడితే చాలు మడమలు పైకి లేచేవి, నడుము వెనక్కి విరుచుకునేవాడు. ఫిజియోథెరపిస్ట్ చెప్పిందేమిటంటే, చివరి వారాల్లో కడుపులో చోటు చాలక బిడ్డ ముడుచుకుని ఉంటుంది. ముందుకు వంచే కండరాలకు పట్టు వచ్చేది అప్పుడే. ముందే పుట్టినవాళ్లకు ఆ ముడుచుకునే కాలం తగ్గి, వెనక్కి చాచే కండరాలు పైచేయి అవుతాయి. చాలామందిలో ఇది మెల్లగా సర్దుకుంటుందట. ఆవిడ వాడి పాదాన్ని మెల్లగా పైకి వంచి, చీలమండ ఎంతవరకు వంగుతోందో ప్రతిసారీ చూసేది.

ఇంట్లో చేయించమన్నది చాలా సింపుల్. బాబును చిన్న పీట మీద కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనించి, మోకాళ్ల మీద నా చేతులు తేలిగ్గా నొక్కిపట్టి, ఎదురుగా మంచం మీద ఏదైనా పెట్టడం. దాన్ని అందుకోవాలంటే ముందుకు వంగి, మడమల మీద బరువు వేసి లేవాలి. బొమ్మలకు మావాడు లొంగలేదు, స్టీలు గరిటె పెడితే మాత్రం ఠక్కున లేచేవాడు. మంచం పట్టుకుని పక్కకు నడవడం వచ్చాక కుర్చీని దగ్గరగా వేసి, ఆ సందును రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త పెంచాం. ఇదంతా ఒట్టి కాళ్లతోనే. టైల్స్ మీద సాక్సులు వేస్తే జారతారు.

వాకర్ వద్దండి. అందులో కూర్చున్న పిల్లలు మునివేళ్లతో నేలను తంతారు, బ్యాలెన్స్ వాళ్లు చేసుకునే పనుండదు. మెట్ల మీంచి పడే ప్రమాదం సరేసరి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. నెట్టుకుంటూ నడిచే మూడు చక్రాల చెక్క బండి వేరు, అందులో బరువు పిల్లలే మోస్తారు. గట్టిగా నిలబడటం వచ్చాక, మీరు పక్కనుండి ఇవ్వొచ్చు.

కొన్ని కనిపిస్తే మాత్రం లెక్కలు పక్కనపెట్టి వెంటనే చూపించండి. కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా ఒకదాని మీదకొకటి రావడం, ఏడాదిలోపే ఒక చేతినే వాడటం, ఒక వైపు ఈడ్చడం, వచ్చిన పని మళ్లీ పోవడం, కరెక్టెడ్ వయసు 18 నెలలు దాటినా నడక రాకపోవడం. ప్రైవేటులో థెరపీ ఖర్చు భారమైతే ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల కోసం ప్రభుత్వం జిల్లాల్లో పెట్టిన డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు.

ఇంకోటి, కళ్లు. ఇంత ముందుగా పుట్టిన పిల్లలకు నెల రోజులకల్లా రెటీనా పరీక్ష చేస్తారు. అప్పుడు బాగుందన్నా తర్వాత చూపు తగ్గే అవకాశం వీళ్లలో ఎక్కువ. సరిగ్గా కనపడని బిడ్డ అడుగు వేయడానికి జంకుతుంది. మీరు ఆ పరీక్ష చేయించారో లేదో, బాబు నిలబడ్డప్పుడు మడమలు నేలకు ఆనుతున్నాయో లేదో చెప్పండి. సోఫా పట్టుకుని రెండు పక్కలకూ నడుస్తున్నాడా, ఒక పక్కకేనా అన్నది కూడా గమనించి రాయండి.