తండ్రి చేతులు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. కొడుకు కాలవలో పడి పోయాడని తెలిసిన దగ్గర్నుంచి ఆ వడ్రంగి రెండు పేజీల నిండా ఏడుస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం కన్ను తడవలేదు. ఎందుకా అనుకుంటుంటే డేడలస్ గుర్తొచ్చాడు.

గ్రీకు పురాణాల్లో పేరుమోసిన పనివాడు. క్రీటు దీవిలో చిక్కుదారుల కట్టడం కట్టాడు, ఈకలూ మైనంతో రెక్కలు చేసి కొడుకు ఇకారస్‌తో ఎగిరిపోయాడు. ఎండకు మైనం కరిగి కొడుకు సముద్రంలో పడి పోయాడు. లాటిన్‌లో ఆ పేరు వినపడే విశేషణం ఒకటుంది, 'దైదల' అని, పనితనం నిండిన అని అర్థం. లాటిన్ కవుల్లో లుక్రీషియస్ పూలు పూయించే నేలనీ, వర్జిల్ తేనెటీగల గూళ్ళనీ ఆ మాటతోనే చెప్పారు. నీ కథలో చిత్రిక పట్టే చోట ఆ పనితనం ఉంది. పొగడ్త ఇక్కడితో సరి.

వర్జిల్ కావ్యం 'ఈనియడ్' ఆరో సర్గ తియ్యి. కొడుకును పోగొట్టుకున్న డేడలస్ ఇటలీలో కూమే దగ్గర దిగి, అపోలోకి గుడి కట్టి, తలుపుల మీద క్రీటు కథంతా చెక్కాడు. ఇకారస్ పడిపోవడం కూడా బంగారంలో చెక్కబోయాడు. 'బిస్ పత్రియై కెకిదేరె మనూస్'. రెండుసార్లూ తండ్రి చేతులు వాలిపోయాయి. అంతే. కన్నీళ్ళ ఊసు లేదు. తలుపు మీద ఆ చోటు ఖాళీ.

వర్జిల్ క్రీ.పూ. 19లో పోయాడు. తర్వాత సుమారు పాతికేళ్ళకు మరో లాటిన్ కవి ఓవిడ్ 'మెటామార్ఫసెస్' కావ్యంలో అదే కథ చెప్పాడు. తండ్రి రెక్కలు కడుతుంటే పిల్లాడు గాలికెగిరే ఈకల్ని పట్టుకుంటాడు, బొటనవేలితో మైనం మెత్తగా నొక్కుతాడు, పనికి అడ్డం పడతాడు. ఆ రెక్కలు కొడుకు భుజాలకు తగిలిస్తుంటే 'పత్రియై త్రెముయేరె మనూస్', తండ్రి చేతులు వణికాయి. చూశావా? వర్జిల్ మాటలే, క్రియ ఒక్కటే మారింది. వాలిపోయిన చేతుల్ని చావుకు ముందుకు జరిపి వణికించాడు. దీన్ని కాపీ అనేవాళ్ళతో నాకు పేచీ.

ఓవిడ్ డేడలస్ చెంపలు తడిపాడు కూడా, కాదనను. కానీ పిల్లాడు బతికుండగానే తడిపాడు. నీ కథలో కుర్రాడు బతికున్నది మూడే వాక్యాలు. రంపప్పొట్టులో ఆడుకోనీ, తండ్రి ఉలి దాచేయనీ. ఆ రెండు పేజీలూ కొట్టెయ్.

కూమేలో 'ఈనియడ్' నాయకుడు ఈనియాస్ ఆ తలుపుల ముందే ఇంకాసేపు నిలబడేవాడు. పూజారిణి వచ్చి, బొమ్మలు చూసే వేళా ఇది అని కసిరి పనిలోకి దింపుతుంది. నీ వడ్రంగి ఇంటికీ ఎవర్నైనా పంపు. మంచం కోళ్ళు అయ్యాయా అని అడగడానికొచ్చినవాడైనా సరే.

తిరగరాసి పంపు.