గ్యాస్ సంగతి తర్వాత, ముందు డ్రైన్ పైపు చూడండి

ప్రశ్న: మా ఇంట్లో వేడిగాలి, చల్లగాలి రెండూ ఇచ్చే స్ప్లిట్ ఏసీ ఉంది. చలికాలమంతా హీటింగ్‌లోనే వాడాం. ఎండలు ముదరకముందే ఏమేం చూసుకోవాలి? గ్యాస్ పట్టించాలా?

మీరు చివర్లో అడిగిన గ్యాస్ దగ్గరే మొదలుపెడతాను. నాకు కోపం వచ్చేది కూడా అక్కడే. ఊరికే పట్టించొద్దు. గది చల్లబడకపోయినా, నీళ్లు కారినా, గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, అదే కాయిల్, దాని మీద మంచు పట్టినా, వచ్చినవాళ్లు యూనిట్ మూత కూడా తీయకుండా "గ్యాస్ అయిపోయింది" అంటే సిలిండర్ కింద పెట్టమనండి. అది బండిలో పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఫ్రిజ్‌లోనూ అదే పద్ధతి. మీ ఫ్రిజ్‌కి ఎన్నిసార్లు గ్యాస్ పట్టించారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఏసీలో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు మూయకుండా నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట ముందు డ్రైన్ పైపు చూసుకోవాలని తెలియక మా నాన్నగారు పడిపోయారు.

ఆ ఏడాది చలి తగ్గాక మొదటిసారి ఉక్కపోసిన రాత్రి. నాన్నగారి గదిలో ఏసీని హీటింగ్ నుంచి కూలింగ్‌కి మార్చి పడుకున్నాం. మార్చడమంటే రిమోట్ మీద ఒక్క బటన్ నొక్కడమే, ఇంకేమీ చూడలేదు. రాత్రి రెండు గంటలప్పుడు ఆ గదిలోంచి పెద్ద చప్పుడు. వెళ్లి లైటు వేస్తే మంచం పక్కన నేలంతా నీళ్లు. నాన్నగారు ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని కూర్చుని ఉన్నారు. బాత్రూంకి వెళ్దామని లేచి, ఆ తడిలో కాలు వేసి జారారు. ఆయనకి అప్పటికి డెబ్బై రెండేళ్లు. ఎముక విరగలేదు కానీ మణికట్టు నెల రోజులు వాచే ఉంది. పైన ఏసీ ఎడమ మూల నుంచి చుక్క తర్వాత చుక్క పడుతూనే ఉంది.

మర్నాడు మెకానిక్‌ని పిలిచాం. నిచ్చెన వేసుకుని మూత సందులోంచి చూశాడు. లోపలి కాయిల్ మీద తెల్లగా మంచు కనిపించింది. "గ్యాస్ తక్కువైంది సార్, అందుకే ఐస్ కడుతోంది, అది కరిగి నీళ్లు కారుతున్నాయి" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. పది నిమిషాల్లో గ్యాస్ నింపి వెళ్లిపోయాడు. ఎనిమిదో రోజు రాత్రి మళ్లీ అదే మూల, అవే నీళ్లు.

అప్పుడు మా మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు చూసుకుంటూ రిటైరయ్యాడు. నేను మంచు గురించి, గ్యాస్ గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఒరేయ్, ముందు మెయిన్ ఆపి, ఒక మగ్గు నీళ్లు, టార్చి పట్రా" అన్నాడు.

మూత ఎత్తి ఫిల్టర్ బయటికి లాగాడు. చలికాలమంతా పట్టిన దుమ్ము దాని మీద దుప్పటిలా పరుచుకుంది. వేలితో గీరితే పొరలా లేచి వచ్చింది. "మంచు ఎందుకు కట్టిందో ఇది చాలదూ? గాలి ఆడకపోతే కాయిల్ సున్నా డిగ్రీల కిందకి దిగిపోతుంది, గాలిలో తేమ దాని మీదే గడ్డకడుతుంది" అన్నాడు. గ్యాస్ తక్కువైనా మంచు కడుతుంది, గాలి తక్కువైనా కడుతుంది. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే అందరూ గ్యాస్ మీదికి తోసేస్తారు.

తర్వాత కాయిల్ మీదుగా మగ్గుతో సన్నగా నీళ్లు పోశాడు. ఆ నీళ్లు కింద ట్రేలో పడి, పైపులోంచి బయటికి పోవాలి. నేను బయట పైపు చివర బకెట్ పెట్టుకుని నిలబడ్డాను. ఒక్క చుక్క రాలేదు. లోపల ట్రే నిండి, సరిగ్గా ఆ ఎడమ మూల నుంచే గోడ మీదికి జారింది.

మామయ్య బయటికి వచ్చి పైపు చివర టార్చి వేశాడు. నోటికి అడ్డంగా మట్టి, ఎండి రాయిలా బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా పొడిస్తే పెళుసుగా విరిగింది. అది కందిరీగ మట్టితో కట్టుకున్న గూడు. లోపల చిన్న చిన్న అరలు, అరల్లో ఎండిపోయిన సాలీళ్లు. తన పిల్లల కోసం అది అలా దాచిపెట్టుకుంటుందట. గూడు తీసేసినా నీళ్లు రాలేదు. తడిని కూడా లాగగలిగే వాక్యూమ్ క్లీనర్ పక్కింటి నుంచి తెచ్చి, పైపు చివర పెట్టి, సందు లేకుండా గుడ్డ చుట్టి లాగాం. గరగరమని చప్పుడొచ్చి, జెర్రి పొడవున నల్లటి జిగురు బయటికి వచ్చింది. ఆ వెనకే నీళ్లు ధారగా వచ్చాయి. లాగే బదులు ఊదితే ఏమవుతుందని అడిగాను. బయటి నుంచి లోపలికి ఊదితే ఆ జిగురంతా మళ్లీ ట్రేలోకే పోతుందని, ఎప్పుడూ బయటివైపుకే లాగాలని చెప్పాడు.

మరి నింపిన గ్యాస్ మాటేమిటి? ఎక్కువ గ్యాస్ కూడా మంచిది కాదు. లోపల ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. మామయ్య తనకు తెలిసిన ఇంకో మెకానిక్‌ని పిలిపించి, ఉన్నదంతా తీయించి, యూనిట్ నేమ్‌ప్లేట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం కాటా పెట్టి మళ్లీ నింపించాడు. ఏ రకం గ్యాస్, ఎంత బరువు అన్నది ప్రతి యూనిట్ మీదా రాసి ఉంటుంది. ఆర్-32 ఉన్నదాంట్లో ఆర్-410ఏ పోయకూడదు. పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది, తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదు. కాటా లేకుండా వచ్చేవాళ్లని నేనిక గుమ్మం ఎక్కనివ్వను.

మీలాగా చలికాలంలో హీటింగ్ వాడేవాళ్లు ఈ డ్రైన్ పైపు సంగతి మరీ గట్టిగా పట్టించుకోవాలి. కూలింగ్‌లో లోపలి కాయిల్ చల్లగా ఉంటుంది, దాని మీద నీరు పుడుతుంది. హీటింగ్‌లో అంతా తిరగబడుతుంది. లోపలి కాయిల్ వేడెక్కుతుంది, బయటి యూనిట్ చల్లబడుతుంది, నీళ్లయినా మంచయినా బయటే. అంటే నెలల తరబడి మీ లోపలి ట్రేలోకి ఒక్క చుక్క రాదు. పోయినేడాది జిగురు ఎండి పైపుకి అంటుకుంటుంది. పురుగులకి ఎవరూ కదిలించని పొడి బొరియ దొరుకుతుంది. తర్వాత ఒక రోజు మీరు కూలింగ్ బటన్ నొక్కుతారు. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో గంటకి లీటరు పైనే నీళ్లు ఆ పైపు మీద పడతాయి. మొదటి వేడి రాత్రే ఇళ్లలో ఏసీలు కారేది ఇందుకే. నన్నడిగితే ఈ కాలంలో వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఫిల్టర్, డ్రైన్ పైపు దగ్గరే తేలిపోతాయి.

ఫిల్టర్ కడగడం గోరువెచ్చని నీళ్లతో ఐదు నిమిషాల పని. నీడలోనే ఆరనివ్వండి, ఎండలో పెడితే ప్లాస్టిక్ ఫ్రేమ్ వంకర పోతుంది. పూర్తిగా ఆరాకే పెట్టండి. బయటి యూనిట్ చుట్టూ చేరిన ఆకులు, చెత్త తీసేయండి. దాని కాయిల్ మీది రేకులు వేలు తగిలితేనే వంగిపోయేంత పలచన, కాబట్టి మెయిన్ ఆపి మామూలు పైపుతో మెల్లగా నీళ్లు పట్టాలి. ప్రెషర్ గన్ తెచ్చి ఎదురుగా కొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దుమ్ము పోతుందేమో కానీ రేకులన్నీ పడుకుండిపోతాయి, ఇక గాలి ఎలా ఆడుతుంది? రెండు రాగి గొట్టాల్లో లావుగా ఉన్నదాని మీది నల్ల ఫోమ్ తొడుగు చిరిగిందేమో చూడండి. చిరిగితే అక్కడా చెమట పట్టి గోడ నానుతుంది. దాన్ని కూడా డ్రైన్ లీకే అనుకుంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బయటి యూనిట్‌కి ప్లాస్టిక్ కవర్ తొడిగి చుట్టూ తాడు బిగించే అలవాటు చాలామందికి ఉంది. లోపల తేమ చిక్కుకుని తుప్పు పడుతుంది, వెచ్చగా ఉందని ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. హీటింగ్ వాడేవాళ్లయితే కవర్ తొడగనే కూడదు, ఆ యూనిట్ చలికాలంలోనే కష్టపడేది. అలాగే దాని ఎదురుగా పూలకుండీలు పేర్చి, పైన బట్టలు ఆరేసి, మళ్లీ "చల్లగా రావట్లేదు" అనడం అన్యాయం. దానికీ ఊపిరి ఆడాలి, చుట్టూ రెండడుగులైనా ఖాళీ ఉంచండి.

మెయిన్ స్విచ్ నెలల తరబడి ఆపేసి ఉంచారా? కొన్ని యూనిట్లలో కంప్రెసర్ అడుగున నూనెని వెచ్చగా ఉంచే చిన్న హీటర్ ఉంటుంది. అలాంటివైతే నడిపే ముందు రోజే కరెంటు ఇచ్చి ఉంచాలి. మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఏసీ కాకుండా గ్యాస్‌తో మండే రూమ్ హీటర్ కూడా వాడి ఉంటే, దాన్ని దాచేముందు వాల్వ్ పూర్తిగా కట్టేయండి, వాసన తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం ఉంటే దాని బ్యాటరీలు మార్చండి.

మెకానిక్‌ని అసలు పిలవొద్దని నేను అనడం లేదు. బయటి యూనిట్ గుయ్యిమంటూ స్టార్ట్ కాకపోతే మోటారుకి మొదటి ఊపు ఇచ్చే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. మెయిన్ ఆపినా దాంట్లో కరెంటు నిలిచి ఉంటుంది, మీరు ముట్టుకోవద్దు. గ్యాస్ అనుమానం వస్తే ముందు మీరే ఒక పరీక్ష చేయండి. ఫిల్టర్ కడిగాక రిమోట్ మీద ఉష్ణోగ్రత బాగా తగ్గించి పావుగంట నడపండి. యూనిట్ పైభాగంలో గాలి లోపలికి పోయే చోట ఒకసారి, బయటికి వచ్చే చోట ఒకసారి థర్మామీటర్ పెట్టండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉందంటే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. నాలుగైదు డిగ్రీలే ఉంటే అప్పుడు పిలవండి. వచ్చిన మనిషిని ముందు గొట్టాల జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు పెట్టి లీకు చూపించమనండి.

మా ఇంట్లో ఈ ఏడాది పని మొన్న ఆదివారమే అయిపోయింది. పైపు చివర కాస్త పెద్ద కన్నాల జాలీ బిగించాం. సన్న జాలీ పెడితే జిగురు దాంట్లోనే ఇరుక్కుంటుంది. మగ్గు నీళ్లు పోస్తే నిమిషంలోపే బకెట్‌లోకి వచ్చేశాయి. నాన్నగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని, ధార ఆగేదాకా చూసి లోపలికి వెళ్లారు. మీరు కూడా ఇవాళే ఒక మగ్గు పోసి చూసి, ఎంతసేపట్లో బయటికి వచ్చాయో కింద రాయండి. రాకపోతే పైపు చివర ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.