తల్లికి మలేరియా ఉంటే పుట్టిన బిడ్డకీ వస్తుందా?

వస్తుంది, కానీ అరుదుగానే. మామూలుగా మలేరియా దోమ కుడితేనే కదా, ఇక్కడ మాత్రం తల్లి రక్తంలోని పరాన్నజీవి మాయ దాటి కడుపులో ఉండగానో, కాన్పు టైములోనో బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. పాల వల్ల రాదు, కాబట్టి భయపడి పాలు మాన్పించకండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్నాళ్లు కాస్తాయి, అందుకే చాలాసార్లు పుట్టగానే ఏమీ తెలీదు, రెండు మూడు వారాలకి జ్వరం, పాలు సరిగ్గా తాగకపోవడం, కామెర్లు, రక్తం తగ్గడం మొదలవుతాయి, అందరూ ఏదో ఇన్ఫెక్షన్ అనుకుంటారు (ఇక్కడే లేటవుతుంది). పాడేరు, అరకు లాంటి ఏజెన్సీ ఏరియాలో ఉండి కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వచ్చుంటే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పి బిడ్డకి రక్తపరీక్ష చేయించండి. ఇంకోటి, దోమకాటుతో వచ్చే వైవాక్స్ రకం మలేరియాలా ఇది లివర్‌లో దాక్కోదు, అందుకని బిడ్డకి ప్రైమాక్విన్ (లివర్‌లో దాక్కున్న పరాన్నజీవిని చంపే మందు) అక్కర్లేదు.