857 కిలోమీటర్లంటే ఎన్ని ట్రిప్పులు?

ప్రశ్న: మాది కరీంనగర్, గ్రానైట్ వ్యాపారం. మెర్సిడెస్ ఈక్యూఎస్ 580 కొందామనుకుంటున్నాను. ఒక్క ఛార్జింగ్‌కు 857 కిలోమీటర్లు వస్తుందట. వారానికి మూడుసార్లు హైదరాబాద్ పోయి వస్తాను. ఒక్క ఛార్జింగ్‌తో వారం గడుస్తుందా?

గడవదు. 857 అబద్ధం కాదు, మన దేశంలో బండ్లను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఇచ్చిన అంకే. కానీ ఆ పరీక్షలో కారు గంటకు 90 కిలోమీటర్లు దాటదు. రాజీవ్ రహదారి మీద మీ డ్రైవర్ అట్లా తోలుతాడా? వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం అంతకంటే వేగంగా పెరుగుతుంది. ఐరోపా పరీక్షలో ఇదే కారుకు సుమారు 670 వచ్చింది. ఏసీ వేసుకొని వందలో పోయేవాళ్లు ఐదొందలకు లెక్క వేసుకోవడం మంచిది. ఒకసారి పోయి వచ్చాక మళ్లీ హైదరాబాద్ చేరేంత మిగులుతుంది, తిరిగి రావడానికి మాత్రం చాలదు.

నిజానికి ఆ గాలితో కొట్లాటే ఈ కారును ఇట్లా తయారు చేసింది. 2021 ఏప్రిల్‌లో చూపించినప్పుడు దీని గాలి నిరోధక గుణకం, అంటే గాలి కారును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.20. అంత తక్కువ రావాలని ఒళ్లంతా నున్నగా తోమేశారు. అరిగిపోయిన సబ్బు బిళ్లలా ఉందని జనం నవ్వారు. బెంజ్ అంటే బానెట్ మీద నిలబడిన నక్షత్రం కావాలనుకునేవాళ్లకు అసలు నచ్చలేదు. 2024 మార్పుల్లో ఆ నక్షత్రం తిరిగొచ్చింది. నాకు మాత్రం ఆకారం కంటే వెనక సీటు మీదే ఫిర్యాదు. కాళ్ల కింద బ్యాటరీ, పైన వాలిన కప్పు, మధ్యలో కూర్చునేవాళ్లకు చోటు తక్కువ. వెనక కూర్చునేది మీరే కదా, బెంజ్ వాళ్లదే ఇంకో పెద్ద కారు ఎస్ క్లాస్‌లో ఒకసారి కూర్చుని, తర్వాత ఇందులో కూర్చుని చూడండి.

ఇక ఇంట్లో కరెంటు. బ్యాటరీలో 107.8 యూనిట్లు పడతాయి. గీజర్‌కు వాడే 15 ఆంపియర్ల ప్లగ్‌తో నింపాలంటే రెండు రోజుల దాకా పడుతుంది. త్రీఫేజ్ మీద 11 కిలోవాట్ల ఛార్జర్ పెట్టిస్తే రాత్రి పదికి పెట్టి పొద్దున ఎనిమిదికి తీయొచ్చు. కారు బుక్ చేసే ముందే కరెంటు ఆఫీసుకు పోయి లోడ్ పెంచుకోండి. ఎర్తింగ్ కూడా కొత్తగా వేయించండి. మన పాత ఇళ్లల్లో ఎర్తింగ్ అంటే ఉత్త పేరే.

2022లో పుణె దగ్గర చాకన్‌లో బిగించి అమ్మకానికి పెట్టినప్పుడు షోరూమ్ ధర 1.55 కోట్లు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ టాక్స్ లేదు. ఈ ధర కారుకు అది లక్షల్లో మాట.

ప్రశ్న: హనుమకొండ నుంచి. ఇలాంటి కార్లలో అన్నీ టచ్‌స్క్రీన్‌లోనే ఉంటాయి. ఐదారేళ్లకు ఫోన్‌లా హ్యాంగ్ అయితే?

టెన్షన్ అర్థమైంది, అది ఉత్త భయం కాదు. 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్‌ను అప్పట్లో అందరూ పొగిడారు, ఆ 17 అంగుళాల స్క్రీన్‌తో సహా. దాని వెనక ఉన్నది 8 జీబీ ఫ్లాష్ మెమరీ. కారు నడిచినంతసేపు అందులో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. ఫ్లాష్ మెమరీ మీద ఇన్నిసార్లే రాయగలం అని ఒక లెక్క ఉంటుంది, అదే దాని ఆయుష్షు. కొన్నేళ్లకు స్క్రీన్లు నల్లబడ్డాయి, వెనక కెమెరా కూడా పోయింది. 2021లో అమెరికాలో మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కలిపి సుమారు 1.35 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 64 జీబీ మెమరీ వేసి పంపారు. బ్యాటరీ వారంటీ అందరూ అడుగుతారు. మీరు స్క్రీన్‌కు ఎన్నేళ్లో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మంచిర్యాల నుంచి. ఈక్యూఎస్ దారిలో ఆగితే మన మెకానిక్ బానెట్ లేపి చూడొచ్చా?

మన దగ్గర కారు ఆగితే నలుగురు చేరి ముందు చేసే పని అదే. ఇందులో కుదరదు. ఆ బానెట్ సర్వీస్ సెంటర్ వాళ్లే తీయాలి. అద్దం కడిగే నీళ్లు పోయడానికి ఎడమ పక్క ముందు చక్రం పైన చిన్న మూత ఉంటుంది. మీ చేతికి ఇచ్చింది అదొక్కటే.