ముందు తోడు ఎక్కడిదో అడుగు

అనంతపురం

అమ్మీ,

నీ ప్రాజెక్టు కుండ పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా మీదేనని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. నా సగం జీవితం ఆ బ్యాక్టీరియా పెంచే ప్లేట్ల ముందే గడిచింది కదా, కొన్ని మాటలు చెప్తాను.

శాంపిల్ తీసే ముందు ఆ ఇంటి అవ్వ దగ్గర కాసేపు కూర్చో. తోడు ఎక్కడిది, ఎన్నాళ్లుగా నడుస్తోంది అని అడుగు. తోడుకు పెరుగు మిగలక మొన్న అంగట్లో ప్యాకెట్ కొని వేసుంటే, నీకు దొరికేది డెయిరీవాళ్లు పెంచి వేసిన బ్యాక్టీరియా కల్చరే. ఈ ఒక్క ప్రశ్న అడగక నేను ఒక ఏడాది పని పోగొట్టుకున్నాను. మన ఎండలకు బస్సు దిగేలోపే పెరుగు పులిసిపోతుంది, ఐసు పెట్టెలో తెచ్చి ఆరోజే ప్లేట్ చెయ్యి.

మంచి పెరుగులో ఈ బ్యాక్టీరియా మిల్లీలీటరుకు కోట్లలో ఉంటాయి. సెలైన్‌లో పదింతలు చొప్పున ఆరేడుసార్లు పల్చన చేస్తేగానీ ప్లేటు మీద కాలనీలు, అంటే బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు, విడివిడిగా రావు. పెంచడానికి ప్లేటులో పోసే ఆహారంగా, కర్రల్లాంటి బ్యాక్టీరియాకు ఎంఆర్ఎస్, గుండ్రటి వాటికి ఎం17 వాడు. ఎంఆర్ఎస్‌లో కాస్త కాల్షియం కార్బొనేట్ కలిపి చూడు. ఆమ్లం చేసే కాలనీ చుట్టూ ఆ తెలుపు కరిగిపోయి గాజులా తేటపడుతుంది.

కాటలేస్ (పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైము) పరీక్ష దగ్గర తొందరపడొద్దు. కాలనీని చెక్కపుల్లతో తీసి స్లైడు మీద పూసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వెయ్యి. మన లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అయితే బుడగలు రావు. నైక్రోమ్ లోహపు తీగ లూపుతో తీశావంటే ఆ తీగే బుడగలు తెప్పించొచ్చు, మంచి కాలనీని అనవసరంగా పారేస్తావు. బుడగలు బాగా పొంగితే మైక్రోస్కోపు కింద పెట్టు. మొగ్గ తొడిగిన పెద్ద కణాలు కనిపిస్తే అది ఈస్టు. గ్రామ్ రంగు పరీక్షలో (బ్యాక్టీరియాను రంగును బట్టి రెండు గుంపులుగా చూపేది) ఊదాగా నిలిచినవే ఉంచుకో. కొత్త ప్లేటు మీద మూడుసార్లు గీసి ఒంటి కాలనీ తెచ్చాకే అది ఏ బ్యాక్టీరియానో పేరు సంగతి.

పేరు తేల్చడానికి 16ఎస్ అనే, బ్యాక్టీరియాను గుర్తుపట్టే జన్యువు చదివిస్తారు. అదొక్కటే నమ్ముకోకు, ప్లాంటారం, పెంటోసస్ అనే రెండు దగ్గరి బ్యాక్టీరియా జాతులూ అందులో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటిని వేరు చేయడానికి రెక్‌ఎ అనే ఇంకో జన్యువు కూడా చూడాలి. 2020లో లాక్టోబాసిల్లస్ అనే ప్రజాతిని 25 ప్రజాతులుగా విడదీశారు, కాబట్టి పాత పుస్తకాల్లోని ప్లాంటారంను ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ అని రాయాలి. పేరు దొరికింది కదా అని ప్రోబయోటిక్ అని మాత్రం రాసెయ్యకు, దానికి వేరే పరీక్షలున్నాయి.

ప్రతి కల్చర్‌నూ గ్లిసరాల్‌తో రెండు సీసాల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచు. ఊరు, ఇల్లు, తేదీ పెన్సిల్‌తో రాయి, స్పిరిట్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది. తొలి ప్లేట్లు తెరిచిన రోజు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామ