కుంట కట్ట కింద ఊట: మట్టి పోసి మూయకండి

అన్నా, మీ పొలం కుంట కట్ట కింద తడి కనిపిస్తోందని, నల్లమట్టి పోసి మూసేయమని మేస్త్రీ చెప్పాడని రాశారు. ఆ పని మాత్రం చేయకండి. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊట ఉంటుంది. బయటివైపు మూసేస్తే నీళ్లు లోపలే నిలిచి కట్ట నాని జారుతుంది.

ముందు ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే టెన్షన్ వద్దు. తడి చోట ముందు ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపైన రాళ్లు పరవండి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. రోజూ ఒకే టైముకి ఊట ఎంతొస్తోందో రాసుకోండి. బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. తూము తెరిచి నీళ్లు తగ్గించండి, దిగువ వాళ్లకు చెప్పండి, వెంటనే ఇరిగేషన్ ఇంజనీరును పిలవండి.

మీరు పంపిన ఫొటోలో అలుగు (కుంట నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి) నిండా తుమ్మకంప ఉంది. ఆ దారి మూసుకుంటే నీళ్లు కట్ట పైనుంచి పొర్లుతాయి. నిజానికి నాకు ఊట కంటే అదే భయం. 2021 నవంబరులో చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నీళ్లు పైనుంచి పొర్లే కొట్టుకుపోయింది. వానలకు ముందే కంప కొట్టించండి. కట్ట మీది వేపచెట్టు ఇంకా చిన్నదే కాబట్టి వేళ్లతో పీకించి, గుంతలో మట్టి పొరలుగా వేసి దిమ్మిస కొట్టించండి.