సర్కారు బడి మాన్పించే ముందు లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది వరంగల్ పక్క పల్లె. నేను ఎనుమాముల మార్కెట్లో హమాలీని. అమ్మాయి జిల్లా పరిషత్ బడిలో పదో తరగతి, అబ్బాయి అక్కడే ఎనిమిది. అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు, ఇంగ్లిషు పుస్తకం తెరిస్తేనే బెదిరిపోతుంది. సర్కారు బడిలో ఉంటే పైకి రారని, ఇద్దరినీ ఇప్పుడే పట్నంలో ప్రైవేటు బడికి మార్చమని, తర్వాత అమ్మాయిని కార్పొరేట్ కాలేజీలో చేర్చమని మా బావమరిది అంటున్నాడు. మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర దొరుకుతుంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. అమ్మాయి ఇంటర్ ముగించేసరికి మూడేళ్లు పడుతుంది. అప్పటికి వడ్డీయే 1,62,000 అవుతుంది, అసలును దాటిపోతుంది. ఆ బస్తాలు మోయవలసింది మీ భుజాలే కదా.

డబ్బు మాట పక్కన పెట్టినా, బడి మారిస్తే పిల్లలకు జరిగే నష్టం వేరే ఉంది. దాన్ని మీ బావమరిది లెక్కలో వేయలేదు.

అబ్బాయి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అతనికి గడువు దగ్గర్లో ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే ఉపకార వేతన పరీక్ష ఉంటుంది. అది సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కొంత సడలింపు ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు ఏటా 12,000 చొప్పున మొత్తం 48,000 వస్తాయి. ప్రైవేటు బడికి మారితే అది ఆగిపోతుంది. పరీక్షలో సగం ప్రశ్నలు తర్కానికి సంబంధించినవి, మిగతా సగం పాఠాల నుంచి. తర్కం భాగాన్ని బడిలో ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి రోజూ ఒక అరగంట కూర్చోబెట్టండి. అక్క లెక్కల్లో దిట్ట అన్నారుగా, ఆమే చెబుతుంది.

ఇక అమ్మాయి సంగతి. బాసర అంటే మనందరికీ అక్షరాభ్యాసాలే గుర్తొస్తాయి. అక్కడే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు, వేరే ప్రవేశ పరీక్ష ఉండదు. రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, ఆ తర్వాత నాలుగేళ్ల బీటెక్, అంతా ఒకే చోట. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు ప్రవేశాల్లో వెయిటేజీ ఉంది. పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చిన కాలంలో 0.4 పాయింట్లు కలిపేవారు. పదో తరగతి ప్రైవేటులో రాయిస్తే ఆ వెసులుబాటును మీ చేతులతో మీరే వదులుకున్నట్టు. కొందరు దీన్ని దయ అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ట్యూషన్ లేకుండా, సెలవుల్లో పత్తి ఏరడానికి వెళ్లి మరీ తెచ్చుకున్న 500 మార్కులను, రెండు ట్యూషన్ల మధ్య వచ్చిన 500తో ఒకే తూకం వేయడం ఏ న్యాయం? అలాగని బాసరలో అంతా బాగుందని చెప్పను. వసతుల కోసం 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించారు. పంపే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి.

అక్కడ రాకపోతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఉంది. 120 మార్కుల్లో 60 లెక్కలవే కాబట్టి మీ అమ్మాయికి సరిపోయే పరీక్ష. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులో చేరవచ్చు. ఇంటరే చదువుతానంటే ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉండనే ఉంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు కాబట్టి, హనుమకొండకు రోజూ వెళ్లి రావడానికి ఖర్చు ఉండదు.

ఇంగ్లిషు భయం గురించి ఒక సంగతి చెబుతాను. నిరుడు ఒక బడిలో ఒక అమ్మాయి రేఖాగణితం లెక్క దగ్గర పెన్ను ఆపేసి కూర్చుంది. ఏమిటని అడిగితే 'పర్పెండిక్యులర్' అనే మాట మీద వేలు పెట్టింది. "లంబం" అన్నాను. మరుక్షణం గీత గీసి, లెక్క మొత్తం చేసి చూపించింది. ఆమెకు రానిది లెక్క కాదు, ఒక్క మాట. రెండు భాషల పాఠ్యపుస్తకంలో ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. చాలామంది పిల్లలు తెలుగు పేజీ చదివేసి పుస్తకం మూసేస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, రోజుకు అయిదు మాటలు ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. పరీక్షల నాటికి ఆ బెదురు ఉండదు.

నేను చూసినంతలో సర్కారు బడి పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది కాగితాల దగ్గర. ఒక అబ్బాయి గడువు తీరిన ఆదాయ ధ్రువపత్రంతో కౌన్సెలింగ్‌కు వెళ్లాడు. కొత్తది వచ్చేదాకా ఫీజు ముందు కట్టమన్నారు, కట్టలేక సీటు వదులుకున్నాడు. ఆదాయ పత్రం ఏడాదికే చెల్లుతుంది కాబట్టి ప్రవేశాలకు ముందు మీసేవలో కొత్తది తీసుకోండి. కుల ధ్రువపత్రం ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా కావాలి. మధ్యలో బడి మారి ఉంటే ఆ పాత బడికీ వెళ్లక తప్పదు.

మార్కెట్‌కు సెలవున్న రోజు చూసుకుని ఒక పూట బడికి వెళ్లండి. అమ్మాయి పేరు, మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే పదో తరగతి నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలో, పంపుతున్నారా అని ప్రధానోపాధ్యాయులను అడిగి, కాగితం మీద మీ కళ్లతో చూడండి. చదవడం ఇబ్బందైతే అమ్మాయినే పక్కన నిలబెట్టుకోండి. ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు కూడా బడి ద్వారానే వెళ్తుంది. అబ్బాయి పేరు జాబితాలో వేయించాకే ఇంటికి రండి.